సిస్టంలో లాక్ పడిందంటారు, ఆ తాళం ఎవరి చేతిలో ఉండాలి?

"మీ సర్వే నంబరు లాక్‌లో ఉందండి, రిజిస్ట్రేషన్ అవ్వదు." "తాతా, మీ వేలిముద్ర లాక్ అయింది, మిషన్ తీసుకోవట్లేదు." "సర్వర్‌లో లాక్ పడింది, ఓ ఐదు నిమిషాలు కూర్చోండి." తోట్లవల్లూరు, ఉయ్యూరు, గుడివాడ, బందరు... ఊరు ఏదైనా ఈ మూడు మాటల్లో ఒకటి వినని ఇల్లు ఇప్పుడు తక్కువ. మూడు చోట్లా మాట ఒకటే, లాక్. కానీ మూడూ వేర్వేరు తాళాలు. మొదటిది సర్కారు వేసింది. రెండోది చాలాసార్లు మనవాళ్లే, అంటే కొడుకో కూతురో మంచికే వేసింది. మూడోది కంప్యూటర్ తనకు తాను వేసుకుని, తనే తీసేసుకునేది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల బయానా డబ్బులు ఇరుక్కుంటున్నాయి, పింఛను రోజున ముసలివాళ్లు వెనక్కి తిరగాల్సి వస్తోంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల మధ్య కూడా ఇదే పేచీ చాలా కాలంగా ఉంది. డేటాబేస్ లోపల ఉండే తాళాలను వాడేవాళ్ల చేతికి ఇవ్వాలా, వద్దా? ముందు అసలు లోపల తాళం ఎందుకుందో చూద్దాం.

ఒక లెక్క అనుకుందాం. తండ్రి తోట్లవల్లూరులో, కొడుకు విజయవాడలో. ఇద్దరికీ కలిపి ఒక జాయింట్ ఖాతా, అందులో 10,000 రూపాయలు. ఇద్దరూ ఒకే క్షణంలో చెరో ఏటీఎంలో 8,000 కొట్టారు. రెండు మిషన్లూ ఒకేసారి లెడ్జర్ చూస్తే రెండింటికీ 10,000 కనిపిస్తుంది, రెండూ డబ్బు ఇచ్చేస్తాయి. బ్యాంకు 6,000 మునుగుతుంది. ఇలా కాకుండా ఉండాలంటే మొదట వచ్చిన మిషన్ ఆ ఖాతా వరుస మీద ఒక తాళం వేస్తుంది. డెబిట్ రాసి, తాళం తీసి వెళ్తుంది. రెండోది అప్పటిదాకా ఆగి, 2,000 మాత్రమే ఉందని చూసి "బ్యాలెన్స్ చాలదు" అంటుంది. ఇదంతా రెప్పపాటు పని. బందరు నుంచి బీదర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో ఆఖరి బెర్త్ ఇద్దరికి అమ్ముడుపోకపోవడానికీ ఇలాంటి ఏర్పాటే కారణం.

ఈ తాళాలకు లెక్కాపత్రం 1970ల్లోనే రాశారు. ఒక పని పూర్తయ్యేలోపు అవసరమైన తాళాలన్నీ వేసుకుంటూ పోవాలి, ఒకసారి తీయడం మొదలుపెట్టాక కొత్తది వేయకూడదు అనే పద్ధతిని 1976లో ఐబీఎం పరిశోధకులు ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ ప్రకటించారు. నేటికీ చాలా బ్యాంకుల, రైల్వేల లెక్కలు ఆ పునాది మీదే నడుస్తున్నాయి. తాళం ఎంత పెద్దది ఉండాలి, ఒక్క వరుసకా, మొత్తం పట్టికకా అనే ప్రశ్న మీద కూడా గ్రే బృందం పనిచేసింది. ఈ తాళం సైజు అనే మాటను గుర్తుపెట్టుకోండి, మన పొలాల దగ్గర మళ్లీ వస్తుంది.

తాళం ఉన్నచోట ఒక తంటా కూడా ఉంటుంది. లంకలోకి వెళ్లే ఒంటి డొంకలో రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చి, నువ్వు వెనక్కి తీయి అంటే నువ్వు తీయి అని ఇంజన్లు ఆపుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో, అలాంటిదే డేటాబేస్‌లోనూ జరుగుతుంది. ఒకరు మొదటి ఖాతా పట్టుకుని రెండోదాని కోసం ఆగుతారు. ఇంకొకరు రెండోది పట్టుకుని మొదటిదాని కోసం ఆగుతారు. దీన్ని డెడ్‌లాక్ అంటారు. కంప్యూటర్‌కు మొహమాటం లేదు కాబట్టి ఇద్దరిలో ఒకరి పనిని రద్దు చేసి రెండోవారికి దారి ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా ఒక సెకను ఆగి ఈ ముడి ఉందేమో వెతుకుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒక వరుస తాళం కోసం మామూలుగా 50 సెకన్లకు మించి ఎదురుచూడనివ్వరు.

ఇప్పుడు అసలు పేచీ. ఇలాంటి తాళాన్ని బయటివాళ్ల చేతికి, అంటే ఆ డేటాబేస్ మీద ప్రోగ్రాములు రాసుకునేవాళ్లకు ఇవ్వొచ్చా? ఇచ్చినవాళ్లున్నారు. పోస్ట్‌గ్రెస్ 2006లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి "అడ్వైజరీ లాక్" అని ఇస్తోంది. అది ఏ వరుసకూ సంబంధించినది కాదు, ఒక అంకె మీద వేసే తాళం. ఆ అంకెకు అర్థమేమిటో వాడేవాళ్లే అనుకోవాలి. మసీదు వరండాలో ఎవరో రుమాలు వేసి చోటు పెట్టుకున్నట్టు. అందరూ మర్యాద పాటిస్తే పనిచేస్తుంది, పాటించనివాణ్ని అది ఆపలేదు. పైగా ఈ తాళాలు, డేటాబేస్ సొంత తాళాలు ఒకే జ్ఞాపకపు అరలో ఉంటాయి. ఎవరైనా లెక్కలేకుండా వేసుకుంటూ పోతే అర నిండిపోయి, సర్వర్ ఇక ఎవరికీ ఏ తాళమూ ఇవ్వలేని స్థితికి వస్తుందని దాని గైడ్‌లోనే హెచ్చరిక ఉంది.

ఒరాకిల్ వాళ్లు ఇంకోలా వెళ్లారు. తాళాలు వేసే సాధనాన్ని పెట్టారు గానీ, డేటాబేస్ పెద్ద అనుమతి ఇస్తే తప్ప మామూలు యూజర్ దాన్ని ముట్టుకోలేడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ సాధనం పెట్టెలోనే "కొన్ని సెకన్లు ఆగు" అని చెప్పే చిన్న సౌకర్యం కూడా ఉండేది. చాలామందికి కావాల్సింది అదొక్కటే. దాని కోసం తాళాల పెట్టె మొత్తం ఇవ్వాల్సి వచ్చేది. చివరికి 18సీ వెర్షన్‌లో ఆ "ఆగు"ను విడిగా ఇంకో పెట్టెలో పెట్టి, దాన్ని అందరికీ ఇచ్చారు. అడిగినవాడికి నిజంగా ఏం కావాలో కనుక్కుంటే, సగంసార్లు తాళం ఇవ్వాల్సిన పనే ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇవ్వొద్దనేవాళ్ల వాదనలో బలం ఇక్కడుంది. మెషిన్ తాళం వేస్తే మిల్లీ సెకన్లలో తీస్తుంది. మనిషి వేస్తే టీకి వెళ్తాడు, జుమా నమాజుకు వెళ్తాడు, దుబాయ్ వెళ్లిపోతాడు. తాళం మాత్రం పడే ఉంటుంది, వెనక జనం క్యూలో ఉంటారు.

ఇక పొలం దగ్గరికి వద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌లోకి వచ్చింది 1998లో, "కార్డ్" అనే పథకంతో. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ ఇప్పుడున్న రూపంలో వచ్చింది. మన జిల్లాలో "ట్వంటీటూ ఏలో పడింది" అంటే చదువురాని రైతుకీ అర్థమవుతుంది. ఇందులో ఐదు గదులున్నాయి. ఏ గదిలో చట్టప్రకారం అమ్మకూడని భూములు, ముఖ్యంగా 1977 చట్టం కిందకొచ్చే అసైన్డ్ భూములు. బీ గదిలో ప్రభుత్వ భూములు. సీలో దేవాదాయ, వక్ఫ్ భూములు. డీలో సీలింగ్ మిగులు భూములు. ఈలో ప్రభుత్వం ప్రత్యేకంగా గెజిట్‌లో ప్రకటించేవి, కోర్టులూ పన్నుల శాఖలూ జప్తు చేసినవి. ఈ జాబితాలో సర్వే నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు తీసుకోకూడదు.

ఈ తాళాన్ని తిట్టుకునే ముందు ఒక మాట. సీ గది లేకపోతే మసీదులకు, దర్గాలకు, ఖబరస్థాన్లకు పెద్దలు రాసిచ్చిన భూములు ఏనాడో చేతులు మారిపోయేవి. ముతవల్లీ మంచివాడైనా కాకపోయినా, రిజిస్ట్రార్ దగ్గర పని ఆగుతుంది. అదే తాళం పక్క చేను ముస్లిం రైతుకే కష్టం తెచ్చిపెట్టొచ్చు. ఒక సర్వే నంబరులో ఐదెకరాలుండి, అందులో ఎకరం మాత్రమే వక్ఫ్ అయితే, సబ్ డివిజన్ జరగలేదని నంబరు మొత్తాన్ని జాబితాలో పెట్టేయడం రాష్ట్రమంతా ఉన్న ఫిర్యాదు. మిగిలిన నాలుగెకరాల వాళ్లు కూతురి నికాహ్‌కు అరెకరం అమ్ముదామంటే కుదరదు. గ్రే బృందం తేల్చాలనుకున్న తాళం సైజు ప్రశ్న అచ్చంగా ఇదే. ఒక్క వరుసకు వేయాల్సిన తాళాన్ని పట్టిక మొత్తానికి వేసినట్టు.

2020 డిసెంబర్ 21న అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే ఈ కష్టాన్ని తగ్గిస్తుందని ఆశపడ్డారు. పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కానీ చాలా ఊళ్లలో నలుగురైదుగురి చేలను కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చారు. అంటే తాళం సైజు కొన్నిచోట్ల ఇంకా పెరిగింది. తోట్లవల్లూరు లాంటి చోట, ఏటి పక్క లంకల్లో వరద వచ్చినప్పుడల్లా గట్టు కోసుకుపోయి ఇంకోచోట మేట వేస్తుంది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వెళ్లింది. నేల కదిలిన చోట కాగితం మీద గీత కదలదు, తాళం ఆ గీతకే ఉంటుంది.

ఒక తాళం ఎన్నేళ్లు ఉండిపోగలదో చెప్పాలంటే చుక్కల భూముల సంగతి చూడాలి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు తేలని చోట గుమాస్తాలు చుక్కలు పెట్టి వదిలేశారు. తరాలు గడిచాక ఆ చుక్కలే 22ఏలో చేరడానికి కారణమయ్యాయి. వీటికోసం 2017లో ప్రత్యేకంగా చట్టం చేశారు. 2023 మే నెలలో కావలి సభలో సుమారు 2 లక్షల 6 వేల ఎకరాలను నిషేధం నుంచి తీస్తున్నట్టు అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అసైన్డ్ భూములైతే 20 ఏళ్లు నిండినవాటికి అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో చట్టం మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయంటూ ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. తాళం తీశారు, మళ్లీ వేశారు. మధ్యలో కొన్నవాళ్ల పరిస్థితి అడగక్కర్లేదు. అదే ఏడాది జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన ఘటనలోనూ 22ఏ పేరు ప్రముఖంగా వినిపించింది. తాళంచెవి విలువ తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారన్నమాట.

యజమానికి ఈ తాళం తీసే హక్కు లేదు, ఉండకూడదు కూడా. ఎవరి భూమి తాళం వాళ్లు తీసుకోగలిగితే వక్ఫ్ భూమి ఒక్క సెంటు మిగలదు. కానీ చూసే హక్కు? కోర్టులు గట్టిగా పట్టుకున్నది దీన్నే. రాజస్థాన్‌లో ఇదే 22ఏ పేరుతో ఉన్న సెక్షన్‌ను 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రజా విధానానికి విరుద్ధం అనే ఒక్క అస్పష్టమైన మాటతో ఏ దస్తావేజునైనా ఆపేయొచ్చంటే కుదరదంది. తర్వాత 2015 డిసెంబర్‌లో, వింజమూరి రాజగోపాలాచారి కేసులో, హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ మన 22ఏ మీద వివరంగా చెప్పింది. ఏ భూమి ఏ గది కింద పెట్టారో స్పష్టంగా రాయాలి. ఏ గది అయితే ఏ చట్టమో చెప్పాలి. వక్ఫ్, దేవాదాయ భూమి అయితే గెజిట్ లేదా రిజిస్టర్ నకలు జతచేయాలి. జాబితాలను వెబ్‌సైట్‌లో పెట్టాలి. తొలగించమని దరఖాస్తు వస్తే ఆరు వారాల్లో ఉత్తర్వు ఇవ్వాలి.

డేటాబేస్ వాళ్ల భాషలో చెప్తే, తాళం వేసే అధికారం లోపలే ఉంచి, ఎవరు వేశారు, దేనిమీద, ఎందుకు అనే పట్టికను మాత్రం బయటికి తెరిచి పెట్టమన్నారు. పెద్ద డేటాబేస్‌లన్నింటిలోనూ అలాంటి పట్టిక ఉంటుంది. ఎవరి పని ఎవరి తాళం వెనక ఆగిందో అడ్మిన్ చూసుకోవచ్చు. మన ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల సెర్చ్ ఆ పని చేయాలి. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొడితే జాబితాలో ఉందో లేదో వస్తుంది. బయానా ఇచ్చే ముందు రెండు నిమిషాలు పెట్టి చూసుకోనివాళ్లు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యమే. మీభూమిలో 1బీ, అడంగల్ చూసి సరిపెట్టుకుంటే చాలదు. అక్కడ మీ పేరు నిక్షేపంలా ఉండి, ఇక్కడ నంబరు నిషేధంలో ఉండొచ్చు. రెండూ వేర్వేరు శాఖల పుస్తకాలు.

మరి తాళం పూర్తిగా మన చేతికే ఇచ్చేసిన చోటు లేదా అంటే, ఉంది. ఆధార్.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల్లోంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో వేలిముద్రల అచ్చులు తయారుచేశాడు. వాటితో వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అదే అచ్చు ఉంటే బ్యాంకు ఖాతా కూడా ఖాళీ చేయొచ్చు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఊళ్లో ఉండే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు వస్తుంది, ఓటీపీ అడగరు. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా. అందుకే బయోమెట్రిక్ లాక్‌ను జనం చేతికే ఇచ్చారు. మైఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ వేసుకోవచ్చు. వేశాక వేలిముద్ర, కనుపాప, ముఖం, మూడూ పనిచేయవు. ఓటీపీ మాత్రం పనిచేస్తుంది. తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాల తర్వాత దానంతట అదే మళ్లీ పడుతుంది. మనిషి మర్చిపోతాడని ముందే ఊహించి పెట్టిన ఏర్పాటు ఇది, బాగుంది.

బాగాలేనిది ఇంటి దగ్గర మొదలవుతుంది. కువైట్ నుంచి సెలవుకొచ్చిన కొడుకు, వాట్సాప్‌లో మోసాల వీడియో చూసి అమ్మీ ఆధార్‌కు లాక్ వేసి వెళ్లాడనుకుందాం. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్లు పింఛను 4,000 పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. మిషన్ 330 అనే ఎర్రర్ చూపిస్తుంది, అంటే ఆధార్ ఉన్నవారే లాక్ వేసుకున్నారని. అమ్మీకి ఆ సంగతే తెలియదు. లింకైన నంబరు కొడుకుది, అక్కడ ఇంకా తెల్లవారలేదు. "బేటా, నా వేలు అరిగిపోయిందట" అని ఆమె ఫోన్ చేస్తుంది. పొలం రిజిస్ట్రేషన్‌లోనూ ఆధార్ ఈకేవైసీ అడుగుతారు కాబట్టి అక్కడా ఇదే ఆగుతుంది. ఇక ఆ నంబరుకు రీచార్జి లేక అది పోయిందంటే ఆధార్ సేవా కేంద్రం మెట్లెక్కి కొత్త నంబరు ఎక్కించుకోవాల్సిందే.

అయినా ఈ తాళం జనం చేతికి ఇవ్వడమే సరైనది. దీనితో ఆగేది వేసుకున్న మనిషి పని ఒక్కటే, పక్కవాడి పని కాదు. డేటాబేస్ లోపలి తాళానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. అమెరికాలో ఎవరి క్రెడిట్ రికార్డుకు వాళ్లు తాళం వేసుకోవడం 2018 సెప్టెంబర్ నుంచి ఉచితం చేశారు. సింగపూర్‌లో 2023 నవంబర్‌లో మూడు పెద్ద బ్యాంకులు, ఖాతాలో కొంత డబ్బును ఆన్‌లైన్‌లో ఎవరూ కదపకుండా ఖాతాదారే లాక్ చేసుకునే సౌకర్యం తెచ్చాయి. ఇంగ్లండ్‌లో ఇంటి యజమాని తన రికార్డు మీద ఒక షరతు పెట్టించుకోవచ్చు. అమ్మేది నిజంగా ఆయనే అని న్యాయవాది ధ్రువీకరించనిదే బదిలీ నమోదు కాదు. యజమాని విదేశాల్లో ఉంటే దొంగ మనిషిని నిలబెట్టి అమ్మేసే మోసాలు అక్కడా ఉన్నాయి మరి. గల్ఫ్‌లో మనుషులుండి ఇక్కడ పొలాలున్న మన కుటుంబాలకు ఇలాంటిది వెబ్‌ల్యాండ్‌లో ఉంటే ఎంత నిశ్చింతో వేరే చెప్పాలా? నాలుగు చోట్ల దస్తావేజులు దాచుకోవడం కన్నా మేలు. కాకపోతే దానికి గడువు ఉండాలి, ఏడాదికోసారి కొనసాగించుకునేలా. లేకపోతే వేసినాయన కాలం చేశాక వారసులు తాళంచెవి కోసం కోర్టుల చుట్టూ తిరగాలి. అన్నదమ్ముల ఉమ్మడి భూమికైతే ఒక్కరి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఒంటి డొంకలో ట్రాక్టర్ల కథే.

ఈలోగా ఇంట్లో చేసుకోగలిగినవి చెప్పుకుందాం. పెద్దవాళ్ల ఆధార్‌కు లాక్ వేస్తే వాళ్లకు చెప్పి వేయండి. లింకైన నంబరు ఊళ్లో ఉండేవాళ్లది పెట్టండి. లాక్ వేయడానికి ముందు 16 అంకెల వర్చువల్ ఐడీ తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆధార్ నంబరుకే లాక్ వేసుకునే సదుపాయం ఇంకోటి ఉంది, అది వేస్తే ఆ ఐడీ లేకుండా తీయడం కుదరదు. పొలం నంబరు 22ఏలో కనిపిస్తే ముందుగా ఏ గది కింద పెట్టారో రాతపూర్వకంగా అడగండి. సీ గది అయితే గెజిట్ నకలు అడగండి. అందులో ఉన్న విస్తీర్ణాన్ని మీ దస్తావేజులో హద్దులతో పోల్చుకోండి. నంబరులో కొంతే వక్ఫ్ అయితే సబ్ డివిజన్ కోసం సర్వేయర్ దగ్గర విడిగా అర్జీ పెట్టాలి. తొలగింపు దరఖాస్తుకు ఆరు వారాల లెక్క అది ఆఫీసుకు అందిన రోజు నుంచి మొదలవుతుంది, అందుకని తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు.